యుమ్మా నేర్పిన అరబ్బీ

నేను పనిచేసిన దేశం పేరు ఇక్కడ రాయను. భయపడి కాదు. ఒక ఇంటి తలుపు వెనక జరిగిన దానికి దేశం మొత్తాన్నీ బోనులో నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. పైగా అక్కడ నాకు మేలు చేసినవాళ్ళే ఎక్కువగా గుర్తొస్తారు. గల్ఫులో ఒక చిన్న దేశం అనుకోండి, చాలు. వాళ్ళ దగ్గర నేల కింద నూనె ఉంది. మన దగ్గర బియ్యం ఉంది, పని కావలసిన మనుషులు ఉన్నారు.

మాది ఆళ్లగడ్డ. మా ఆయన శిల్పాల షెడ్డులో పని చేస్తాడు. చెక్కేది వేరేవాళ్ళు, చెక్కిన విగ్రహాన్ని అరగదీసి నునుపు తెచ్చేది ఈయన. ఆదివారం ఇద్దరం చర్చికి పోతాం. సోమవారం నుంచి ఆయన వినాయకుళ్ళకూ అమ్మవార్లకూ మెరుగు పెడతాడు. ఈ రెండింటికీ మా ఇంట్లో ఎప్పుడూ తగాదా రాలేదు. నేను ఇంటర్ దాకా చదివి, నంద్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయాగా చేరాను. పొద్దున బస్సులో పోవడం, సాయంత్రం బస్సులో రావడం. ముసలివాళ్ళ వార్డు అంటే అందరూ తప్పించుకునేవాళ్ళు. నాకు మాత్రం అక్కడే బాగుండేది. వాళ్ళు తిట్టినా రెండు నిమిషాల్లో మర్చిపోయి మళ్ళీ పిలుస్తారు.

ఆ వార్డులోనే ఒక పేషెంటు కూతురు గల్ఫు మాట తెచ్చింది. తను పనిచేసే చోట ఒక పెద్దావిడకు పక్షవాతం వచ్చిందని, చూసుకోవడానికి నమ్మకమైన మనిషి కావాలని చెప్పింది. మాకు సగం కట్టిన ఇల్లు ఉంది, పైకప్పు రేకులదే. మా ఆయన ఊగిసలాడాడు. మా నాయన ఒప్పుకుంటాడని నేను అనుకోలేదు. ఆయన మంచం మీద కూర్చుని బీడీ ఆర్పి, ఒకే మాట అన్నాడు.

"ఏ దేశమైతేంది మే, ముసలోళ్ళకు కావాల్సింది ఒగటే. అన్నం మెత్తగ వండు, మాట మెత్తగ మాట్లాడు."

అక్కడ దిగిన రోజే ఆ పెద్దావిడ కొడుకు నా పాస్‌పోర్టు తీసుకుని బీరువాలో పెట్టాడు. "భద్రంగా ఉంటుంది" అన్నాడు. నేనూ అట్లాగే అనుకున్నాను.

ఇంట్లో అందరూ ఆవిడను యుమ్మా అని పిలిచేవాళ్ళు, అంటే అమ్మా అని. నేనూ అదే పిలుపు అందుకున్నాను. మొదటి నెలలో యుమ్మా నా మీద గిన్నెలు విసిరింది. కుడి చెయ్యి పడిపోయిన మనిషి, ఎడమ చేత్తో విసిరితే అవి నా దాకా వచ్చేవి కావు. ఒకరోజు గిన్నె గోడకు తగిలి గిరగిరా తిరుగుతూ వచ్చి మళ్ళీ ఆవిడ మంచం కిందికే చేరింది. నాకు నవ్వొచ్చింది. నేను నవ్వడం చూసి ఆవిడకూ వచ్చింది. ఆ రోజు నుంచి నాకు అరబ్బీ నేర్పడం మొదలుపెట్టింది. ముక్కు చూపించేది, చెంచా చూపించేది, తలుపు చూపించేది. తప్పు చెబితే విసనకర్రతో మోకాలి మీద ఒకటి వేసేది. మాటలు అయ్యాక కథలు చెప్పింది. నూనె దొరకక ముందు వాళ్ళ నాయన ముత్యాల కోసం నీళ్ళలో మునిగేవాడట. మన దేశం నుంచి పడవ వస్తేనే ఆ ఇళ్ళలో బియ్యం ఉండేవట. పడవ ఆలస్యమైతే ఖర్జూరాలు తిని పడుకునేవాళ్ళట.

వంటింట్లో బియ్యం సంచి మీద ఒక మూల చిన్న అక్షరాలతో నంద్యాల అని ఉంటే, అది మా జిల్లా ఊరని ఆవిడకు చెప్పాను. అప్పటి నుంచి భోజనం వేళకు "నీ ఊరి అన్నం తీసుకురా" అనేది. మా నాయన చెప్పినట్టు మెత్తగా వండేదాన్ని. పిడికెడు ముద్ద ఎక్కువ తిన్నరోజు నా బుగ్గ గిల్లేది.

యుమ్మా పోయేనాటికి నేను ఆవిడతో ఏ విషయమైనా మాట్లాడగలిగేదాన్ని. ఆవిడ కూతురితో కలిసి నేనే చివరి స్నానం చేయించాను. ఆ సాయంత్రమే నన్ను కూతురింటికి పంపించారు. నాకు చెప్పలేదు, అడగలేదు. సామానుతో పాటు కారెక్కించి, నా పాస్‌పోర్టు కూతురి చేతికి ఇచ్చారు.

ఆ ఇల్లు పెద్దది, మనుషులు ఎక్కువ. కొట్టారని నేను చెప్పను. కానీ ఒకరి భోజనం ముగిస్తే ఇంకొకరి భోజనం, ఒకరి గది తుడిస్తే ఇంకొకరి గది. నడుము వాల్చుకునే వేళంటూ ఒకటి ఉండేది కాదు. ఇంటికి మాట్లాడాలంటే ఫోను వాళ్ళే ఇవ్వాలి, పక్కనే నిలబడి వినేవాళ్ళు. అట్లా మాట్లాడుతున్నప్పుడే మా ఆయన చెప్పాడు, నాయనకు బాగలేదని. వెనక షెడ్డులో ఉలి దెబ్బలు వినిపిస్తుంటే గట్టిగా అరిచి చెప్పాడు. "తొందరగ రా మే. నిన్నే అడుగుతాండాడు."

నేను ఆ ఇంటి యజమానురాలిని, అదే యుమ్మా కూతురిని, అడిగాను. పండగ అయ్యాక పంపిస్తామన్నది. పండగ అయింది. పండగకొచ్చిన బంధువులు వెళ్ళాక అన్నది. బంధువులు వెళ్ళారు. ఈలోపు నాయన పోయాడు. నాకు ఆ సంగతి తెలిసింది భూస్థాపన అయిపోయిన తరువాతే. వంటింట్లో కూరగాయలు తరుగుతూ ఏడ్చాను. ఉల్లిపాయలు అనుకున్నారో ఏమో, ఎవరూ ఏమీ అడగలేదు. ఇప్పుడైనా పంపించండి అంటే, కాంట్రాక్టు పొడిగించేశాం, నీ స్థానంలో ఎవరు చేస్తారు అన్నారు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం మగవాళ్ళందరూ నమాజుకు పోయారు. గేటు తెరిచి ఉంది. చెత్తసంచి పట్టుకుని బయటికి వెళ్ళినదాన్ని, సంచి డబ్బాలో వేసి, అట్లాగే నడిచాను. ఎండకు రోడ్డు మెరుస్తున్నది. మలుపు దగ్గర ఒక టాక్సీ ఆగింది. నడిపే అతను పాకిస్తాన్ మనిషి. నంద్యాల సందుల్లో నేర్చుకున్న ఉర్దూతో, మా దేశం ఆఫీసుకు తీసుకుపొమ్మన్నాను. అతను అద్దంలో నా ముఖం చూశాడు, నా చేతిలో ఏమీ లేకపోవడం చూశాడు. కిరాయి మాటే ఎత్తలేదు. ఎంబసీ గేటు ముందు దింపి, "బెహెన్, లోపలికి పోయేదాకా చూస్తుంటాను, పో" అన్నాడు. నేను లోపల అడుగుపెట్టాకే ఆ బండి కదిలింది. ఇప్పటికీ నా ప్రార్థనలో అతను ఉంటాడు.

ఎంబసీ వెనక ఒక ఇల్లు ఉంది. నాలాగా వచ్చిన ఆడవాళ్ళను అక్కడ ఉంచుతారు. మన దేశం మనిషే, మన దేశం ఆఫీసులోనే ఉన్నా, ఇంటికి పోవడానికి లేదు. పనిలో పెట్టుకున్నవాళ్ళు ఒప్పుకుంటే తప్ప ఆ దేశం దాటనివ్వరు. పైగా చెప్పకుండా వచ్చేసినందుకు పరారీ కేసు పెడతారు. అందరి మీదా ఉన్న నేరం అదే.

అక్కడే నాకు అక్క దొరికింది. గడివేముల దగ్గర రెడ్ల ఇంటి మనిషి. భర్త పోయాక పొలం మీద తగాదాలు పడలేక వచ్చిందట. నేను ఆళ్లగడ్డ అనగానే నా చెయ్యి పట్టుకున్నది. "మన భాష ఇనక ఎన్నాళ్ళాయ మే. ఏదన్నా మాట్లాడు, తిట్టినా సరే." మన దగ్గర అయితే ఆమె ఇంటి వాకిట్లో నిలబడి మాట్లాడి వచ్చేదాన్ని నేను. అక్కడ ఇద్దరికీ కలిపి ఒకటే పళ్ళెం. మొదటిరోజు ఆమె ఒక క్షణం పళ్ళెం వైపు చూసింది, తరువాత తనే అన్నం కలిపి ముద్ద నా వైపు జరిపింది. దాని గురించి మేము ఎన్నడూ మాట్లాడుకోలేదు.

ఆ ఇంటిని చూసుకునే అధికారి మన ఎంబసీలోనే చిన్న హోదాలో ఉన్న మేడమ్. ఉత్తరాది మనిషి. వయసులో నాకంటే చిన్నది. రోజూ సాయంత్రం వచ్చి, బూట్లు విప్పి, మాతో నేల మీద కూర్చునేది. అబద్ధపు ధైర్యం చెప్పేది కాదు. "ఈ వారం ఏమీ కాలేదు" అని చెప్పిన రోజులే ఎక్కువ.

ఇటు నంద్యాలలో మా ఆయన ప్రతి సోమవారం కలెక్టరాఫీసుకు పోతున్నాడు. నంద్యాల కొత్త జిల్లా అయింది కాబట్టి సరిపోయింది, కర్నూలుకు పోవలసి ఉంటే ఆయన కూలంతా బస్సుచార్జీలకే సరిపోయేది. అర్జీలు తీసుకునే దగ్గర ఒక ఉద్యోగిని ఆయన్ను గుర్తుపట్టేదట. ఒకసారి "మీ ఆమె తింటాందా అన్నా? యాడ పడుకుంటాంది?" అని అడిగిందట. అప్పటి దాకా ఎవరూ ఆ మాట అడగలేదని మా ఆయన నాకు చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె పదేపదే పైకి రాయించబట్టే నా పేరు ఢిల్లీ దాకా పోయి తిరిగి మా మేడమ్ బల్ల మీదికి వచ్చింది.

అంతలో రెండు దేశాలకూ వ్యాపారపు మాటలు మొదలయ్యాయి. మన మంత్రి అక్కడికి వస్తున్నాడన్నారు. బియ్యం మీద, నూనె మీద పెద్ద ఒప్పందం. మేమున్న ఎంబసీ ఇంట్లో ఆశ పుట్టింది. మేడమ్ మాత్రం ఆ సాయంత్రం దిగాలుగా వచ్చింది. ఒప్పందం మీద సంతకాలు అయ్యేదాకా మా సంగతి ఎత్తవద్దని ఆమె పై అధికారులు అన్నారట. హక్కులూ అవీ అని ముందే మొదలుపెడితే అవతలివాళ్ళకు తల తీసేసినట్టు ఉంటుందట, బేరం చెడుతుందట.

గడివేముల అక్క ఊరుకోలేదు. "బియ్యం మూటకుండే మర్యాద మనకు లేదా? మూటకు ఏమన్నా అయితే రెండు దేశాలు మాట్లాడుకుంటాయి. మనం మనుషులం గదా, ఏందీ అన్యాయం?"

నేను దాన్ని హిందీలో చెప్పాను. మేడమ్ తల దించుకుని విన్నది. తరువాత అన్నది, "సంతకాలు అయిపోయాక వాళ్ళకు మనతో పని ఉండదు. ఒకరితో ఒకరికి అవసరం ఉన్నప్పుడే మాట చెవికెక్కుతుంది. నేను మళ్ళీ అడుగుతాను." ఏం మాట్లాడిందో, ఎవరి దగ్గర మాటపడిందో మాకు తెలియదు. కొన్నాళ్ళకు వచ్చి చెప్పింది. మంత్రుల సమావేశంలో మా మాట ఉండదు. కానీ అంతకు ముందు ఆ దేశపు అధికారి ఒకరు వచ్చి మమ్మల్ని చూస్తాడు. మేము నిజంగా మా ఇష్టంతో అక్కడ ఉన్నామా, లేక ఎంబసీవాళ్ళు ఎగదోస్తున్నారా అని వాళ్ళకు అనుమానమట.

అతను వచ్చిన రోజు మేమంతా ఉతికిన బట్టలు కట్టుకుని హాల్లో నిలబడ్డాం. తెల్లని పొడుగు చొక్కా, ముఖంలో చిరాకు. ఇంకో పది పనుల మధ్య వచ్చాడని తెలుస్తూనే ఉంది. దుబాసీ ఒకరిని వెంట తెచ్చుకున్నాడు. మమ్మల్ని చూడకుండానే, మీకు ఇక్కడ తిండి పెడుతున్నారా, మిమ్మల్ని ఎవరైనా బలవంతంగా ఉంచారా అని అడిగించాడు. అందరూ తలలు అడ్డంగానో నిలువుగానో ఊపారు. దుబాసీ ఏదో రాసుకున్నాడు. అతను తిరిగిపోవడానికి లేచాడు.

నాకు ఆ ధైర్యం ఎట్లా వచ్చిందో తెలియదు. మేడమ్ వైపు చూశాను. వద్దని ఆమె అనలేదు. పెద్దవాళ్ళను పలకరించేటప్పుడు యుమ్మా ఎట్లా అనేదో అట్లాగే ముందు అతని క్షేమం, తరువాత అతని తల్లి క్షేమం, ఇంట్లోవాళ్ళ క్షేమం అడిగాను. అతను ఆగిపోయాడు.

"ఈ మాటలు నీకు ఎవరు నేర్పారు?"

"నేను చూసుకున్న పెద్దావిడ."

అతని ముఖంలో చిరాకు పోయి నవ్వొచ్చింది. "ఇప్పుడు ఎవరూ ఇట్లా మాట్లాడరు. మా అవ్వ మాట్లాడేది. మా పిల్లలకు ఈ మాటలు అర్థం కూడా కావు." మళ్ళీ కూర్చున్నాడు. దుబాసీని పక్కకు జరగమన్నాడు. "చెప్పు."

నేను ఫిర్యాదులు చెప్పలేదు. యుమ్మా పేరు చెప్పాను. ఆవిడ ముత్యాల కథలు చెప్పేదని, మా ఊరి అన్నం తినేదని చెప్పాను. చివరి స్నానం నా చేతులతో చేయించానని చెప్పాను. "నేను మీ దేశం మీద నేరం మోపడం లేదు. మీ ఇంటి పెద్దమనిషిని సాగనంపడానికి నేనున్నాను. మా నాయనను సాగనంపడానికి నన్ను పోనివ్వలేదు. ఇక్కడున్న ప్రతి ఒక్కరికీ ఇట్లాంటిది ఒకటి ఉంది. మా పాస్‌పోర్టులు మాకు ఇప్పించండి, మేము ఇళ్ళకు పోతాం."

అతను ఏమీ మాట ఇవ్వలేదు. లేచి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి పేరు, ఊరు అడిగాడు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు నేను అరబ్బీలో అతనికి వినిపించాను. పోయేముందు యుమ్మా ఆత్మశాంతి కోసం రెండు మాటలు ప్రార్థించాడు. నేనూ తల వంచుకున్నాను.

మంత్రులు వచ్చారు, చేతులు కలుపుకున్నారు, టీవీలో చూపించారు. మా మాట ఎక్కడా రాలేదు. "మన సంగతి ఎవురూ చెప్పల్యా మే" అని అక్క గోడ వైపు తిరిగి పడుకున్నది. నేనూ వదిలేసుకున్నాను. తరువాత ఒక ఉదయం మేడమ్ మెట్లు ఎక్కుతూనే కేకలు వేసింది. పరారీ కేసు తప్ప వేరే కేసు లేనివాళ్ళందరికీ దేశం దాటడానికి అనుమతి వచ్చింది. ఎగిరి గంతులు వేశాం. అంతలోనే మాతో ఉన్న ఒకామె గుర్తొచ్చింది. తమిళావిడ, ఆమె మీద దొంగతనం కేసు పెట్టి ఉన్నారు. ఆమెను మధ్యలో కూర్చోబెట్టుకుని ఆ రోజంతా ఆమెతోనే ఉన్నాం. కేసు కొట్టేసి ఆమెనూ పంపించారని నేను ఇంటికి వచ్చాక మేడమే చెప్పింది.

నా పాస్‌పోర్టును యజమానురాలే స్వయంగా పోలీసు ఆఫీసుకు తెచ్చింది. నన్ను చూడగానే అడిగింది. "మేము నిన్ను కొట్టామా?"

"లేదు."

"మరి ఎందుకు వెళ్ళిపోయావు?"

"మీ అమ్మ పోతే నేను పక్కన ఉన్నాను. మా నాయన పోతే మీరు నన్ను పంపలేదు."

ఆమె పాస్‌పోర్టు నా చేతిలో పెట్టి, చేతిని వదలకుండా కొంతసేపు నిలబడింది. తరువాత నల్లని ముసుగు సర్దుకుని వెళ్ళిపోయింది. నా కోపం ఆమె వెంటే పోయిందేమో, ఆ రోజు తరువాత నేను వెతికినా నాకు దొరకలేదు.

మేడమ్‌ను విమానాశ్రయంలో అడిగాను, మమ్మల్ని విడిపించింది ఎవరని. బియ్యమా, నూనెనా, ఆ అధికారా, యుమ్మానా? ఆమె నవ్వింది. "అన్నీ. ఏ ఒక్కటి లేకపోయినా ఈ పని జరిగేది కాదు" అన్నది. నేను ఆమె పాదాలు తాకబోతే గట్టిగా కావలించుకున్నది.

అక్కా నేనూ హైదరాబాదులో దిగి బస్సెక్కి నంద్యాలకు వచ్చాం. బస్టాండులో అక్క తమ్ముడు జీపు పెట్టుకుని నిలబడ్డాడు. గడివేముల ఒక దిక్కు, ఆళ్లగడ్డ ఇంకో దిక్కు. నేను నా బస్సు వైపు నడుస్తుంటే అక్క గట్టిగా అరిచింది.

"యాడికి పోతాండావ్? ఎక్కు జీపు." తమ్ముడి వైపు తిరిగి, "ఈమె నా చెల్లెలు అప్పా. ముందు ఆళ్లగడ్డలో దింపి, తర్వాత మనింటికి పోదాం."

అతను ఒకసారి నన్ను చూశాడు, ఒకసారి అక్కను చూశాడు. "అట్నే కానీ" అని నా సంచి అందుకున్నాడు. మా ఇంటికి వచ్చి అక్క మా వంటింట్లో పీట వేసుకుని కూర్చుని, మా ఆయన కాచిన టీ తాగింది. ఆ తరువాత ఇద్దరం నాయన సమాధి దగ్గరికి పోయాం. నేను ఏడ్చినంతసేపూ ఆమె నా వీపు నిమురుతూనే ఉంది.

ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పమన్నారు. దేవునికి స్తోత్రం చెప్పాను. తరువాత టాక్సీ అతనికి, కలెక్టరాఫీసు ఆమెకు, మేడమ్‌కు, తెల్లచొక్కా అధికారికి, యుమ్మాకు వందనాలు చెప్పాను. రెండు దేశాల వ్యాపారం చల్లగా ఉండాలని కూడా ప్రార్థించమన్నాను. పాస్టరుగారు కొంచెం తికమకపడ్డారు గానీ, ఆమెన్ అన్నారు.

ఇప్పుడు మళ్ళీ నంద్యాల ఆసుపత్రిలోనే ఉన్నాను. ఈ మధ్య రెండు దేశాలూ రాసుకున్న కొత్త కాగితాల ప్రకారం, పాస్‌పోర్టు పనిచేసే మనిషి దగ్గరే ఉండాలి, ఫోను ఉండాలి, వారానికి ఒకరోజు సెలవు ఉండాలి. అన్ని ఇళ్ళలో జరుగుతున్నదని చెప్పను. కానీ గల్ఫుకు పోయే ఆడవాళ్ళు నా దగ్గరికి వస్తే ఇవన్నీ చెబుతాను, నాలుగు అరబ్బీ మాటలు నేర్పుతాను. మీ మాట ముసలివాళ్ళ మాటలా ఉందని అక్కడ నవ్వుతారు, నవ్వనివ్వండి అంటాను.

అట్లా నేర్చుకుని పోయిన మా వీధి అమ్మాయి పోయిన శుక్రవారం ఫోను చేసింది. వెనక ఏదో హోరు.

"అక్కా, ఈ పొద్దు నాకు లీవు. సముద్రం కాడికొచ్చినా. నువ్వు సూసినావా ఈ సముద్రాన్ని?"

అన్నేళ్ళు ఉండి కూడా నేను చూడలేదు. ఆ మాటే చెప్పాను. అయితే ఉండక్కా అని ఆమె ఫోనును నీళ్ళ వైపు తిప్పింది. నేను వార్డు వరండాలో స్టూలు మీద కూర్చుని చాలాసేపు విన్నాను.